మున్నేటి బురద, హంసలదీవి మడ

2022 ఏప్రిల్ 4న పాత కృష్ణా జిల్లా చీలిపోయింది. జగ్గయ్యపేట, నందిగామ విజయవాడ కేంద్రంగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. మచిలీపట్నం, అవనిగడ్డ, నాగాయలంక, హంసలదీవి కృష్ణా జిల్లాలో ఉండిపోయాయి. అంతకుముందు మెట్ట మండలాల బడుల్లో గోడకు జిల్లా పటం తగిలిస్తే అందులో ఒక మూల నీలం రంగు ఉండేది. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా పటంలో ఎంత వెతికినా తీరం లేదు.

నదికి ఈ విభజనతో పని లేదు. ముక్త్యాల మీదుగా, వేదాద్రి నరసింహస్వామి గుడి మెట్ల కిందుగా పారే కృష్ణే విజయవాడ దాటి, దివిసీమను పాయలుగా చుట్టి హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తోంది. జగ్గయ్యపేట దగ్గరి పాలేరు, నందిగామ దగ్గరి మున్నేరు, మున్నేటిలో కలిసే వైరా, కట్టలేరు, అన్నిటి నీళ్లూ చివరికి అక్కడికే చేరతాయి. నీళ్లతో పాటు మట్టి కూడా. మెట్ట బడుల నుంచి పిల్లలను సముద్రం చూపించడానికి తీసుకెళ్లే వారిలో ఈ దారిని పాఠంగా మలిచేవారు తక్కువ. తీరం పాఠాన్ని తీరంలోనే మొదలుపెడుతున్నారు. అలా మొదలుపెట్టినందువల్లే అది చాలాసార్లు విహారయాత్రగా ముగుస్తోంది.

ఆ యాత్ర తీరు అందరికీ తెలిసిందే. తెల్లవారకముందే బస్సు బయలుదేరుతుంది. దుర్గగుడి, బ్యారేజీ, దారిలో మరో గుడి, మధ్యాహ్నానికి మంగినపూడి లేదా సూర్యలంక తీరం. పులిహోర పొట్లాలు, గంటసేపు నీళ్లలో కేరింతలు, గ్రూపు ఫొటో, చీకటి పడ్డాక ఇంటికి. ఇందులో తప్పేమీ లేదు. పత్తి చేలు, మిర్చి కల్లాల మధ్య పెరిగిన పిల్లలు కెరటం చూసి గంతులేయడం కూడా చదువులో భాగమే. కాకపోతే బడి రికార్డులో దాన్ని ‘విజ్ఞానయాత్ర’ అని రాసుకోవడమే కాస్త ఎక్కువ. ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు, వంద మంది ఒక్కసారిగా ఒడ్డున దిగితే అక్కడ కనిపించేది ఒకరికొకరే. పీతలు బొరియల్లోకి, పిట్టలు అవతలి దిబ్బకు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాయి.

నిజానికి సముద్రం జగ్గయ్యపేటకు కొత్త చుట్టమేమీ కాదు. ఈ ప్రాంతంలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది సున్నపురాయి కోసం. కృష్ణకు రెండు వైపులా, పల్నాటి దాకా పరుచుకున్న ఆ రాయి కోట్ల ఏళ్ల కిందట లోతులేని సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. జగ్గయ్యపేట ధనంబోడు మీది బౌద్ధ స్తూపానికి తొడిగిన పలకలూ ఆ జాతి రాయివే. పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బర్జెస్ 1880ల మొదట్లో అక్కడ తవ్వకాలు జరిపాడు. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. దివిసీమకు వెళ్లే దారిలో తగిలే ఘంటసాలలోనూ ఒక స్తూపం ఉండేది, దాని శిల్పాలకు వాడిందీ పల్నాటి సున్నపురాయే. అంటే మెట్టలో పుట్టిన రాయి పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే తీరం వైపు ప్రయాణం కట్టింది. అవనిగడ్డ వెళ్లే పిల్లల బస్సు ఘంటసాలలో అరగంట ఆగితే చరిత్ర, భూగర్భశాస్త్రం ఒకే పలక మీద కనిపిస్తాయి.

రాయి కంటే ముఖ్యమైన కథ మట్టిది.

డెల్టా అంటే నది తెచ్చి పోసిన ఒండ్రు. 2023 జూలై చివర్లో ఐతవరం దగ్గర మున్నేరు హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీదకే ఎక్కి రాకపోకలు ఆగిపోయినప్పుడు, నందిగామ పిల్లలు ఆ ఒండ్రు రంగును గడప దగ్గరే చూశారు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, బ్యారేజీ చరిత్రలోనే అది ఎక్కువ. అలాంటి ఎర్రనీళ్లు వేల ఏళ్లుగా మోసుకొచ్చిన మట్టి మీదే దివిసీమ నిలిచింది, మడ అడవి వేళ్లూనింది. మంగినపూడిలో ఇసుకకు బదులు కాలికి నల్లటి బంకమట్టి అంటుకుంటే పిల్లలు ముఖం చిట్లిస్తారు. అది నది తెచ్చిన ఒండ్రు అనీ, తమ ఊళ్ల పక్క వాగుల వాటా కూడా అందులో ఉందనీ చెప్పేవారుంటే ఆ ముఖాలు మరోలా ఉంటాయి.

అయితే ఆ మట్టి ఇప్పుడు అంతగా రావడం లేదు. విజయవాడ దగ్గర 1850ల్లో కట్టిన ఆనకట్ట, 1957లో దాని స్థానంలో వచ్చిన ప్రకాశం బ్యారేజీ, ఎగువన 1967లో నీళ్లు వదిలిన నాగార్జునసాగర్, ఆపైన శ్రీశైలం, చివరగా 2013లో ప్రారంభమైన పులిచింతల. ఇవి నీటిని ఆపి పొలాలకు పంచుతున్నాయి. నీటితో వచ్చే ఒండ్రును మాత్రం తమ కడుపులోనే దాచుకుంటున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో దీని లెక్కలున్నాయి. కృష్ణలో తేలివచ్చే ఒండ్రు 1966–69 నాటి 90 లక్షల టన్నుల నుంచి 2000–05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయింది. 1965 నుంచి 2008 వరకు కృష్ణా, గోదావరి జంట డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేలను సముద్రం తినేసింది. కోత వేగం కూడా మొదటి ఇరవై అయిదేళ్ల కంటే తర్వాతి కాలంలో పెరిగింది.

ఈ అంకెలు తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పకూడనంత కష్టమైనవేమీ కావు. పులిచింతల జలాశయం వదిలిన నీళ్లు జగ్గయ్యపేట వైపు ఊళ్ల పక్కగానే పారతాయి. ఆ జలాశయంలో ఆగిన మట్టికీ, ఎంతో దిగువన కూలిపోతున్న ఒడ్డుకూ లంకె ఉందని తెలుసుకోవడానికి మెట్ట పిల్లల కంటే దగ్గరగా ఉన్నవారెవరు? ప్రాజెక్టులు వద్దని చెప్పడం బడి పని కాదు. ఎన్ని ఎకరాలు తడిశాయో, ఎన్ని ఎకరాలు కొట్టుకుపోయాయో రెండూ ఒకే పుస్తకంలో రాయించడం బడి పని.

అందుకే ఈ క్షేత్ర పర్యటన బస్సు ఎక్కడంతో మొదలు కాకూడదు. వానాకాలంలో మున్నేటి గట్టున, పాలేటి వంతెన దగ్గర ఒక పూట చాలు. ఓ గాజు సీసా నిండా వరద నీళ్లు పట్టి, బల్ల మీద కదలకుండా ఉంచి, మర్నాటికి అడుగున పేరిన మట్టిని స్కేలుతో కొలవడం ఆరో తరగతివారికీ వచ్చు. ఒడ్డున ఏ చెట్లున్నాయో, తుమ్మ ఎంత, సర్కారు తుమ్మ ఎంత, తుంగ ఎక్కడి దాకా ఉందో రాసుకోవాలి. ఇది చేసిన పిల్లవాడు తీరానికి వెళ్లినప్పుడు పోల్చి చూడటానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. లేకపోతే అంతా ‘భలే ఉంది సార్’ దగ్గర ఆగిపోతుంది.

ఇక తీరం. దివిసీమ కొసన, నాగాయలంక, కోడూరు మండలాల దిగువన, నదికి అవతల బాపట్ల జిల్లా వైపు కూడా కలుపుకుని కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఉంది. 1989లో ప్రకటించిన దీని విస్తీర్ణం దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. 2021 అటవీ సర్వే నివేదిక ప్రకారం రాష్ట్రంలో మడ అడవులు 405 చదరపు కిలోమీటర్లు. వాటిలో పేరు మోసింది కాకినాడ దగ్గరి కోరంగి. చెక్కల వంతెన మీద నడుస్తూ మడను చూసే ఏర్పాటు అక్కడ ఉంది కాబట్టి రాష్ట్రంలోని బడులన్నీ అటే చూస్తాయి. జగ్గయ్యపేట పిల్లలకు మాత్రం కృష్ణ మడ దగ్గర, పైగా సొంతం. వసతులు తక్కువే. కానీ తమ నది చివర ఏముందో చూడటానికి మరో నది దగ్గరకు వెళ్లడం వింతగానే ఉంటుంది.

ఇసుక తిన్నె మీద మొదట పలకరించేది బాలబంద తీగ. మేక గిట్టలా చీలిన ఆకులు, ఊదారంగు పూలు. ఇసుకను గాలికి ఎగిరిపోకుండా పట్టి ఉంచేది ఇదే. దాని పక్కనే సూదుల్లాంటి ఆకులతో రావణాసురుడి మీసాలు. ఈ గడ్డి ఎండు గుత్తులు గాలికి బంతుల్లా దొర్లుకుంటూ పోయి విత్తనాలు చల్లుతాయి. పేరు ఒక్కసారి వింటే చాలు, పిల్లలు జన్మలో మరిచిపోరు. సరుగుడు తోటలు మనుషులు నాటినవి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మంది వరకు ప్రాణాలు తీసుకుంది. ఆ తర్వాత తీరానికి చెట్ల కంచె ఎంత అవసరమో ప్రభుత్వానికి గుర్తొచ్చింది. దివిసీమలో ఆ రాత్రి గురించి చెప్పగల పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. సరుగుడు నీడలో వారిలో ఒకరిని కూర్చోబెట్టి మాట్లాడించడం ఏ పాఠ్యపుస్తకానికీ సాధ్యం కాని పని.

ఇసుక దాటి పాయ ఒడ్డుకు వస్తే మడ మొదలవుతుంది. తెల్లమడ చుట్టూ నేలలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన వేర్లుంటాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వాటితో ఊపిరి పీల్చుకుంటుంది. ఆకు మీద వేలు రాసి నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది, వేర్లతో పీల్చిన ఉప్పును ఆకు బయటికి నెట్టేస్తుంది. ఉప్పుపొన్న విశేషం మరొకటి. విత్తనం చెట్టున ఉండగానే మొలకెత్తి, పొడుగాటి కాడతో వేలాడి, తర్వాత కిందికి జారుతుంది. నాలుకకు తగిలించే ప్రయోగం మాత్రం తెల్లమడతోనే ఆగాలి. పక్కనే ఉండే తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. దిగేముందే పిల్లలకు ఈ రెండు చెట్లనూ వేరుగా చూపించాలి. ‘ఏదీ ముట్టుకోవద్దు’ అని అరిచి ఊరుకునే మాస్టారి కంటే, దేన్ని ఎందుకు ముట్టుకోకూడదో చెప్పే మాస్టారి మాటే పిల్లలు వింటారు.

పాటు మీద నీళ్లు తీస్తే బురద నేల మేలుకుంటుంది. ఒక డెక్క మాత్రమే ఒంటికి మించి పెరిగిన మగ పీతలు దాన్ని ఊపుతూ ఆడ పీతలను పిలుస్తుంటాయి. రొమ్ము రెక్కల మీద గెంతుతూ బురదమట్ట లాంటి చేపలు నేల మీద తిరుగుతాయి. చలికాలమైతే ఉత్తర దేశాల నుంచి వచ్చిన ఉల్లంకి పిట్టలు ఒక్కో జాతి ఒక్కో పొడవు ముక్కుతో బురదను గుచ్చుతూ ఉంటాయి. పొట్టి ముక్కుకు పైనున్న పురుగు, పొడుగు ముక్కుకు లోతునున్న పురుగు. ఒకే నేలలో తగాదా లేకుండా పంచుకుతినే ఈ తీరు గంట సేపు కదలకుండా కూర్చుంటే తప్ప కనబడదు. నీటిపిల్లి సంగతి వేరు. బావురుపిల్లి అని కూడా పిలిచే ఈ జంతువు కృష్ణ మడకు ప్రత్యేక గుర్తింపు తెచ్చింది. ఇంటిపిల్లికి రెట్టింపు ఉండి, నీళ్లలో దూకి చేపను పడుతుంది. అది రాత్రిపూట తిరిగేది, పగటి యాత్రికులకు దొరకదు. చూపిస్తామని పిల్లలకు ఆశ పెట్టడం మోసమే అవుతుంది. బురద మీద దాని అడుగుజాడ దొరికితే కొలిచి, బొమ్మ గీసుకుంటే అదే గొప్ప.

ఇదంతా జరగాలంటే బస్సు వేళను డ్రైవరు కాదు, సముద్రం నిర్ణయించాలి. పోటు, పాటు రోజుకు రెండేసిసార్లు వస్తాయి, ఆ వేళ రోజుకు దాదాపు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో నీళ్లు ఎక్కువ ఎక్కుతాయి, ఎక్కువ తీస్తాయి. తిథిని బట్టి ఇది లెక్కగట్టడం వేటకు వెళ్లే ప్రతి ఇంటికీ తెలుసు. జగ్గయ్యపేట నుంచి అయిదు గంటల దారి కాబట్టి ఒక్క రోజులో పోయి రావడం అంటే పాటును చేజార్చుకోవడమే. ఒక రాత్రి అవనిగడ్డలోనో నాగాయలంకలోనో ఏదైనా బడిలో పడుకుని, తెల్లవారుజామున తీరానికి చేరడమే దారి.

చేపలు పట్టేవారిని అడిగి నేర్చుకోవడం తెలుగు తీరానికి కొత్త కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ అక్కడ సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు 1803లో పుస్తకంగా అచ్చయ్యాయి. స్థానికులు చెప్పిన తెలుగు పేర్లు అందులో ఉన్నాయి. అదే కాలంలో సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలపై 1795 నుంచి వెలువరించిన సంపుటాలకు బొమ్మలు గీసింది ఇక్కడి చిత్రకారులే. ఆ పుస్తకాల మీద దొరల పేర్లున్నాయి, వాటిలోని తెలివిలో సగం రేవుల్లో, చేలల్లో పోగైనది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర నేర్చుకోవాలంది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి పేర్లు అందులో ఉదాహరణలుగా ఉన్నాయి. వల వేసే మనిషి ఆ జాబితాకు ఎందుకు పనికిరాడు? పాయల్లో పీతలు పట్టే యానాది కుటుంబాలకు తెలిసినంత మడ శాస్త్రం ఏ బీఈడీ కాలేజీలోనూ చెప్పరు. వారిని ‘గైడ్లు’గా కాక గురువులుగా పిలిచి, ఆ రోజు కూలి కంటే ఎక్కువే ఇవ్వడం న్యాయం.

హెడ్మాస్టర్లు ఇలాంటి యాత్రలంటే భయపడతారు. అది పిరికితనం కాదు. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది ఒక్కసారిగా పొంగి హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మందిని ఈడ్చుకుపోయింది. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అది నందిగామకు గంట దూరం. ఇవి జరిగాక ఏ అధికారి అయినా అనుమతి కాగితం మీద సంతకం పెట్టడానికి వెనకాడతాడు. కానీ ప్రమాదం ఎక్కువ ఉన్నది కేరింతల యాత్రలోనా, పరిశీలన యాత్రలోనా అన్నది ఆలోచించాలి. నదీ ముఖద్వారం దగ్గర లోగుంజుడు ఎక్కువ, అక్కడ స్నానం వద్దే వద్దు. మడను చూడటానికి మోకాలి లోతు నీళ్లు కూడా అక్కర్లేదు. ముప్పై మంది పిల్లలు, నలుగురు పెద్దలు, స్థానికులు ఇద్దరు, చేతిలో పుస్తకం, అటవీ శాఖ ముందస్తు అనుమతి. పడవ ఎక్కితే ఒక్కొక్కరికీ లైఫ్ జాకెట్, లేకపోతే పడవే వద్దు. మూడు బస్సుల నిండా జనాన్ని దించే పద్ధతి ఆగితే సగం ప్రమాదం అక్కడే తగ్గుతుంది.

ఎలా చేయవచ్చో చూపినవారు దూరంలో లేరు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి తన లోయనే 1991లో పక్షుల రక్షిత ప్రాంతంగా మార్చుకుంది. అక్కడ పిట్టలను గమనించడం ఏడాది పొడవునా సాగే పని. చెన్నైలో 1988లో మొదలైన విద్యార్థుల సముద్ర తాబేళ్ల సంరక్షణ బృందం ప్రతి చలికాలం రాత్రుళ్లు తీరం వెంట నడిచి, ఆలివ్ రిడ్లీ గుడ్లను ఏరి సంరక్షణ కేంద్రంలో పొదిగించి, పిల్లలను కడలిలోకి వదులుతోంది. ఆ జాతి తాబేళ్లే జనవరి నుంచి మార్చి దాకా దివిసీమ తీరానికీ వస్తాయి. అటవీ శాఖ ఇక్కడా గుడ్లను పొదిగిస్తోంది. గుంత తవ్వి వందకు పైగా గుడ్లు పెట్టి వెళ్లిన తల్లి మళ్లీ తిరిగి చూడదు, నలభై అయిదు నుంచి యాభై అయిదు రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. జనవరిలో వచ్చిన బడి మార్చిలో మరోసారి రాగలిగితే ఒకే కథ మొదలూ చివరా చూసినట్టవుతుంది. ఇందుకు పూర్తి భిన్నంగా, 2001 నుంచి సూళ్లూరుపేటలో జరుగుతున్న ఫ్లెమింగో ఫెస్టివల్‌కు బస్సుల్లో పిల్లలను తరలిస్తుంటారు. పులికాట్, నేలపట్టు పేర్లు రాష్ట్రమంతా తెలియడానికి ఆ పండుగ ఉపయోగపడింది. ఒప్పుకోవాలి. కానీ వేదిక, మైకు, సినిమా పాటల మధ్య కొంగను గమనించడం నేర్పలేరు.

సుప్రీంకోర్టు 1991లోనే పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయమంది. పుస్తకం వచ్చింది, పరీక్ష వచ్చింది, ప్రాజెక్టు పేరుతో దుకాణంలో కొనే చార్టులు వచ్చాయి. 2001లో జాతీయ హరిత దళం వచ్చింది, మొక్కలు నాటే రోజున బ్యానరు పట్టుకోవడమే చాలా బడుల్లో దాని పనిగా మిగిలింది. కొత్త పథకం అక్కర్లేదు. రెండు జిల్లాల విద్యాశాఖాధికారులు మాట్లాడుకుని, జగ్గయ్యపేట, నందిగామ మండలాల్లో ఏటా అయిదారు ఉన్నత పాఠశాలలకు దివిసీమలో ఒక్కో బడిని జోడీగా కుదిర్చితే చాలు. ఆతిథ్యం, పడక, వంట అక్కడి బడివి. ఆర్టీసీ బస్సు అద్దె ఇక్కడి మండలానిది. అన్ని బడులనూ ఒకే ఏడాది పంపాలని పట్టుబట్టితే మళ్లీ మూడు బస్సుల జాతరే అవుతుంది.

జోడీ అన్నాక రాక కూడా ఉండాలి. ఆగస్టులో మున్నేరు నిండుగా పారేటప్పుడు నాగాయలంక, కోడూరు పిల్లలు ఎగువకు రావాలి. తమ ఇళ్ల కింది నేల ఏ వాగుల నుంచి దిగివచ్చిందో, పైనుంచి కృష్ణ తెచ్చే మట్టి పులిచింతల గేట్ల వెనక ఎక్కడ ఆగుతోందో వారికి చూపించాల్సింది నందిగామ పిల్లలే. ధనంబోడు, సున్నపురాయి క్వారీ, కీసర వంతెన, ముక్త్యాల రేవు, అన్నీ కలిపినా ఒక రోజు ప్రయాణమే. నీళ్ల సీసాల లెక్కలు రెండు బడులూ పంచుకుంటే, మూడు నాలుగేళ్లలో ఏ వరదకు ఎంత మట్టి వచ్చిందో చెప్పే పట్టిక పిల్లల చేతిరాతలోనే తయారవుతుంది.